వీధిబడి పంతులు: ఒక పాత లెక్క

మా అన్నగారి అమ్మాయి ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నది. శిక్షణలో భాగంగా కొన్ని వారాలపాటు ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఎంత ఉత్సాహంతో వెళ్ళిందో, తిరిగి వచ్చేటప్పుడు అంత ఆలోచనతో వచ్చింది. అక్కడ అయిదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు. ఒకరు సెలవు పెట్టిన రోజున మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరూ పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు సెల్‌ఫోనులో నమోదు చేసేసరికి మొదటి పాఠానికి వేళ మించిపోయేదట. పుస్తకంలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. పిల్లవాడి నోట మాత్రం ఆ రెండూ కాక, వాళ్ళ అమ్మ మాట్లాడే మాట. ఇదంతా చెప్పి, "బాబాయ్, మీరు చరిత్ర చదివినవారు కదా! పూర్వం పంతుళ్ళకు కూడా ఇన్ని లెక్కలుండేవా? అసలు ఆ పంతుళ్ళను ఎవరైనా లెక్కలోకి తీసుకొన్నారా?" అని అడిగింది.

ఆనాడు ఏదో నవ్వి ఊరుకొన్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పంతుళ్ళను లెక్కలోకి తీసుకొన్న సందర్భం ఒకటి నిజంగానే ఉన్నది. అది రెండు వందల యేండ్ల నాటి మాట.

మద్రాసు గవర్నరుగా ఉండిన సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న ఒక అభిప్రాయ పత్రం వ్రాశాడు. మనం ఈ దేశపు భూముల కొలతలు తీశాము, పంటల లెక్కలు కట్టాము, రాబడి అంచనాలు వేశాము; ఇక్కడి జనుల చదువు ఏ స్థితిలో ఉన్నదో మాత్రం తెలుసుకొనే ప్రయత్నం చేయలేదు అన్నది దాని సారాంశం. అందుమీద రెవిన్యూ బోర్డువారు కలెక్టర్లందరికీ తాఖీదులు పంపారు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏ కులం వారెందరు, ఆడపిల్లలెందరు, పంతులుకు జీతం ఎవరిస్తారు అని ప్రశ్నలు. మన్రో పేరు రాయలసీమకు కొత్తది కాదు. 1800లో నిజాం దత్తం చేసిన మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు ఆయనే. అక్కడ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారున్నారని పెద్దలు చెప్పుకొనేవారు.

కలెక్టర్లు పంపిన జవాబులలో చాలావరకు పట్టీలే. అంకెలు నింపి, కింద సంతకం చేసి పంపిన కాగితాలు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న పంపినది మాత్రం వేరు. ఆయన తెలుగు నేర్చినవాడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు ప్రకటించినవాడు. బడి అరుగు మీద ఏం జరుగుతున్నదో చూచి, విని, వ్రాయగలిగినవాడు. బళ్ళారి జిల్లా అంటే అప్పుడు నేటి అనంతపురం ప్రాంతం కూడా దానిలో చేరినదే. అనంతపురం 1882లోగాని ప్రత్యేక జిల్లా కాలేదు.

కాంబెల్ చెప్పిన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో తెలుగు బడులు 226, కన్నడం 235, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకటి. అవును, ఒక్కటే. మొత్తం చదువుకొనేవారు 6,641 మంది. అంటే వెయ్యి మంది జనాభాకు ఏడుగురు, బడికి సగటున పన్నెండుమంది. ఆ 6,641లో ఆడపిల్లలు అరవైమంది.

ఈ అరవై అన్న అంకె దగ్గర ఆగకుండా మన వీధిబడిని గూర్చి మాట్లాడరాదు. పూర్వపు వీధిబడిని తలచుకొని పొంగిపోవడం మనలో కొందరికి అలవాటు. అరుగెక్కే యోగ్యత ఆడపిల్లలకు దాదాపు లేదు. అంటరానివారుగా ఎంచబడిన కులాల పిల్లలకు అంతకంటె లేదు. ఆ బడి ఊరి బడి కాదు, ఊరిలో కొందరి బడి. అది ఒప్పుకొన్న తరువాతనే దానిలోని మంచిని చెప్పుకోవాలి. మంచి కూడా కొంత ఉన్నది.

పిల్లవాడికి అయిదేండ్లు వచ్చినప్పుడు సాధారణంగా చదువు మొదలుపెట్టేవారని కాంబెల్ వ్రాశాడు. పంతులుగారినీ బడి పిల్లలనూ ఇంటికి పిలిచి, విఘ్నేశ్వరుని చుట్టూ కూర్చోబెట్టి, పిల్లవాడి చేత ప్రార్థన చెప్పించి, వాడి వ్రేలు పట్టుకొని బియ్యంలో దేవుని పేరు వ్రాయించేవారు. మరునాటినుండి బడి. ఉదయం ఆరు గంటలకే వెళ్ళాలి. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న చుట్టేవారు. వాడు పొగడ్తకూ చెందడు, తెగడ్తకూ చెందడని దాని అర్థం. మూడవవాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒకటొకటి చొప్పున ఎక్కువ. పన్నెండుమంది ఉన్న బడిలో చిట్టచివర వచ్చినవాడి గతి ఏమిటో శ్రోతలే లెక్క వేసుకోవచ్చు.

మొదట ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. పిమ్మట పలక. మనం ఎరిగిన రాతి పలక కాదు, బొగ్గుపొడిని అన్నంతో కలిపి పూసిన కొయ్యపలక. దానితోపాటు కడతం కూడా ఉండేది. గుడ్డకు గంజి పెట్టి బిరుసెక్కించి, పుస్తకంలాగా మడతలు పెట్టి, బొగ్గూ జిగురూ పూసేవారు. దేనిమీద వ్రాసినా బలపంతోనే. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తది. తాటాకు, గంటం ఉండనే ఉన్నాయి. పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విడదీసి, పై తరగతి వారికి పంతులు తానే చెప్పి, కింది తరగతుల వారికి పెద్ద పిల్లలచేత చెప్పించేవాడు. ఇంత తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పడం, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించడం మెచ్చుకోదగినవనీ, ఇంగ్లాండులో దీనిని అనుకరించడం తగినదేననీ కాంబెల్ వ్రాశాడు.

ఇంగ్లాండులో అనుకరించడం ఏమిటని అనుకోవచ్చు. ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789 మొదలు 1796 వరకు మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని చూచుకొన్నాడు. ఒకనాడు ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూచి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టాడు. సహాయ ఉపాధ్యాయులకు అది నచ్చకపోతే పెద్ద పిల్లలచేతనే చెప్పించాడు. స్వదేశానికి వెళ్ళి 1797లో దానిని గురించి గ్రంథం ప్రకటించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లాండులో వ్యాపించింది. మన పద్ధతి సముద్రం దాటిందని సంతోషించవచ్చు గాని, అది అంతగా ఎందుకు నచ్చిందో కూడా గమనించాలి. ఒక్క ఉపాధ్యాయునితో వందలాది పిల్లలకు చదువు చెప్పించవచ్చు. చౌక.

కాంబెల్ నివేదికలో నన్ను నిలిపివేసిన అంకె పంతులు సంపాదన. ఒక్కొక్క పిల్లవాడు నెలకు పావు రూపాయి మొదలు అర రూపాయి దాకా ఇచ్చేవాడు. ఇసుకలో దిద్దేవాడు పావలా, చదువు ముదిరినవాడు ఎక్కువ. బడికి పన్నెండుమంది చొప్పున చూస్తే నెలకు మూడు రూపాయలకూ ఆరు రూపాయలకూ మధ్య. అదికూడా తండ్రికి పంట పండితేనే. నేత పనివారు ఉన్న ఊళ్ళలో మగ్గం ఆడితేనే. సీమ బట్టలు వచ్చి ఇక్కడి నేతను దెబ్బ తీయడంవల్లా, డబ్బు ఇతర చోట్లకు తరలిపోవడంవల్లా జనం క్రమంగా బీదవారవుతున్నారనీ, ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్ళలో ఇప్పుడు బడే లేదనీ కాంబెల్ దాచకుండా వ్రాశాడు. కంపెనీ ఉద్యోగి తన ప్రభుత్వానికే ఈ మాట చెప్పడం చిన్న సంగతి కాదు.

మరొక మాట కూడా చెప్పాడు. బడిలో చదివించే పుస్తకాలు పద్యకావ్యాలు. వాటి భాష మాట్లాడే భాషకు దూరమైనది. పిల్లలు వాటిని వల్లె వేస్తారు, గొంతెత్తి చదువుతారు. అర్థం అడిగితే చెప్పలేరు. చాలాచోట్ల పంతులు కూడా చెప్పలేడు. చిలుక పలుకుల వంటి ఈ చదువు ఎందుకు పనికివస్తుందన్నది ఆయన బాధ.

అన్ని జిల్లాల జవాబులూ వచ్చిన పిమ్మట 1826 మార్చి 10న మన్రో రెండవ పత్రం వ్రాశాడు. రాజధాని మొత్తంమీద జనాభా 1,28,50,941, బడులు 12,498, చదువుకొనేవారు 1,88,650. అంటే 67 మందిలో ఒకరు. చదివే వయస్సు మగపిల్లలను మాత్రమే తీసుకొని, ఇండ్లలో చదువుకొనేవారిని కూడా కలిపితే మూడింట ఒక వంతుకు దగ్గరగా ఉంటుందని ఆయన ఊహ. తరువాత జీతాల సంగతి ఎత్తాడు. పంతుళ్ళు నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించడం లేదు. ఆ మాత్రానికి తగిన యోగ్యత ఉన్నవాడు ఈ వృత్తిలోకి రాడు అని స్పష్టంగా వ్రాశాడు. మా అమ్మాయి రెండవ ప్రశ్నకు చరిత్రలో దొరికే మొదటి సమాధానం ఇదేనని నాకు తోస్తుంది.

కాని ఆయన చూపిన పరిష్కారం చూడండి. ఒక్కొక్క జిల్లాలో హిందువులకొకటి, ముసల్మానులకొకటి పెద్ద పాఠశాలలు, పంతులుకు నెలకు 15 రూపాయలు. తాసీలుకొకటి చొప్పున మూడు వందల పాఠశాలలు, పంతులుకు 9 రూపాయలు. మద్రాసులో ఉపాధ్యాయులను తయారు చేయడానికీ పుస్తకాలకూ నెలకు 700. అంతా కలిపితే ఏడాదికి 48,000 రూపాయలు. కోటి పైచిలుకు జనానికి. ఏడు రూపాయలకు మంచివాడు రాడన్న పెద్దమనిషి తొమ్మిది రూపాయలకు వస్తాడనుకొన్నాడు! పై ఖర్చును శిష్యులిచ్చే రుసుముతో పంతులే పూరించుకోవాలని ఆయన ఉద్దేశం. ఆ పథకం ఎట్లా సాగేదో చూడడానికి ఆయన ఉండలేదు. 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండ దగ్గర కలరా సోకి కన్నుమూశాడు. తాసీలుదారీ పాఠశాలలు అనుకొన్న సంఖ్యకు చాలా దూరంలో ఆగిపోయాయి. 1835లో మెకాలే వాదం నెగ్గి ఇంగ్లీషు చదువుకే ప్రభుత్వ ధనం అన్న నిర్ణయం జరిగింది. మరుసటి యేడు వాటిని ఎత్తివేశారు.

తరువాత చాలాకాలం ఊరిబడిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ నడుమ ఒక్క ప్రయత్నం మాత్రం మన గోదావరి తీరాన జరిగింది. 1850 దశకంలో నాటి రాజమండ్రి జిల్లాకు సబ్ కలెక్టరుగా నరసాపురంలో ఉండిన జి. ఎన్. టేలర్ ప్రోత్సాహంతో రైతులు శిస్తుతోపాటు కొంత చేర్చి ఇచ్చుకొని తమ గ్రామాలలో తెలుగు బడులు పెట్టించుకొన్నారు. ఊరివారే అడిగి ఊరివారే డబ్బిచ్చిన బడులు. కృష్ణా గోదావరి ఆనకట్టలు వచ్చిన కాలం అది, పంటలు బాగున్నాయి. కాలక్రమాన ఇష్టంగా ఇచ్చినది వసూలు చేసేదయింది. 1863లో దానికొక చట్టం కూడా చేయవలసి వచ్చింది. చట్టం వచ్చిన తరువాత అది జనానికి మరొక పన్నుగానే తోచింది.

అసలు కథ పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఉన్నది. ఇంగ్లాండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ఒక నియమావళి తెచ్చాడు. ప్రభుత్వ సహాయం పిల్లల పరీక్షా ఫలితాన్ని బట్టి ఇవ్వాలన్నది దాని ప్రాణం. సంవత్సరానికొకసారి పరీక్షాధికారి వస్తాడు. పిల్లవాడిని నిలబెట్టి చదవడం, వ్రాయడం, లెక్క చేయడం పరీక్షిస్తాడు. గట్టెక్కినవాడికి ఇంత అని బడికి సొమ్ము. ఆ సొమ్మే పంతులు కుండలో గింజ. ఆ పద్ధతే ఆ దశకంలోనే మద్రాసు రాజధానికీ వచ్చింది. మన వీధిబడులను సర్కారు చేయి కిందికి తెచ్చినది ఈ 'ఫలితాల గ్రాంటే'. 1882లో హంటర్ కమిషన్ కూడా ప్రాథమిక విద్యకు ఇదే తగినదని సిఫారసు చేసింది.

ఫలితం ఏమయింది? ఇంగ్లాండు సంగతులు బాగా నమోదయ్యాయి గనుక అవే చెబుతాను. అధికారి ఏ పుస్తకం అడుగుతాడో తెలుసు గనుక ఏడాది పొడుగునా ఆ ఒక్క పుస్తకమే. పిల్లలు దానిని కంఠతా పట్టి, పుస్తకం తలక్రిందులుగా పట్టుకొని కూడా గడగడ చదివేవారు. జబ్బుగా ఉన్న పిల్లవాడిని పరీక్షనాటికి ఎత్తుకొని తెచ్చి కూర్చోబెట్టేవారు; వాడు లేకపోతే గ్రాంటు పోతుంది. కవిగా ప్రసిద్ధుడైన మాథ్యూ ఆర్నాల్డ్ పాఠశాలల పరీక్షాధికారి కూడా. ఈ పద్ధతి బడిని యంత్రంగా మారుస్తున్నదని ఆయన తన ఉద్యోగానికి కూడా జంకకుండా విమర్శించాడు. ఇంగ్లాండులో ఆ శతాబ్దం ముగిసేలోగా దీనికి స్వస్తి చెప్పారు. మన దగ్గర ఇరవయ్యవ శతాబ్దపు మొదటి సంవత్సరాలలోగాని పోలేదు. పోయినా దాని అలవాటు పోయిందా అంటే చెప్పడం కష్టం. తెలివిగల పిల్లవాడు పంతులుకు ఆదాయం, మందమతి నష్టం. ఈ భావం ఒకసారి బడిలో కాలు పెట్టిన తరువాత నియమం రద్దయినంత మాత్రాన గడప దాటి బయటికి పోదు.

ఆ రోజులలోనే పర్లాకిమిడిలో ఒక బడిపంతులు ఉండేవాడు. 1863లో పుట్టి, మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, పదహారు పదిహేడేండ్ల వయస్సులోనే రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరినవాడు, గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయనను మనం భాషోద్యమ నాయకుడుగా స్మరిస్తాము. మొదట ఆయన ఉపాధ్యాయుడు. కొండలమీది సవర పిల్లలు బడికి వచ్చి, తమకు తెలియని తెలుగులో తమకు తెలియని సంగతులు వింటూ కూర్చోవడం ఆయన చూచాడు. తాను సవర భాష నేర్చుకొన్నాడు, ఆ భాషలో వాచకాలు వ్రాశాడు, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. ఆ శ్రమనుంచే 1931లో సవర భాషా గ్రంథం, 1938లో నిఘంటువు వచ్చాయి. తెలుగు పిల్లవాడి కష్టం కూడా ఆయనకు అప్పుడే అర్థమయింది. వాడికి కూడా పుస్తకంలోని తెలుగు ఒక పరభాషే. పాఠశాలల పరీక్షాధికారి జే. ఏ. యేట్స్, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావుగారు ఆయనకు తోడయినారు. స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో వ్యావహారికానికి కొంత వెసులుబాటు దొరికింది. పండితుల ఆందోళనతో కొద్ది కాలంలోనే దానిని వెనక్కు తీసుకొన్నారు. 1823లో కాంబెల్ వ్రాసినదీ, తొంభై యేండ్ల తరువాత గిడుగువారు వాదించినదీ ఒకే మాట: పిల్లవాడికి అర్థంకాని భాషలో చెప్పినది చదువు కాదు. ఈ ప్రసంగపు భాష కూడా గ్రాంథికపు వాసన పూర్తిగా వదలనిదేనని శ్రోతలు ఎత్తిపొడిస్తే కాదనను.

నిజాం రాష్ట్రంలో తెలుగువారి కష్టం ఇంకొక తీరు. ప్రభుత్వ భాష ఉర్దూ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ కాలంనుండీ మాతృభాషలో చదువు అక్కడివారి కోరికలలో ముఖ్యమైనదిగా నిలిచింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పదేండ్లలో పద్నాలుగు సంవత్సరాల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగం నిర్దేశించింది. 1960 వచ్చింది, పోయింది. ఆ విద్య హక్కుగా మారడానికి 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1న అమలు. ఈలోగా బడులు పెరిగాయి, ఆడపిల్లలు అరవైమంది కాదు, లక్షల సంఖ్యలో వచ్చారు. అరుగు ఎక్కనివ్వని కులాలనుండి పిల్లలే కాదు, పంతుళ్ళే వచ్చారు. ఇది ఎంత గొప్ప మార్పో, వీధిబడిని పొగిడేవారు ఒకసారి తలచుకోవాలి. అయినా మన్రో నాటి తొమ్మిది రూపాయల బుద్ధి పూర్తిగా పోలేదు. 1980, 1990 దశకాలలో ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన ఎందరో ఉపాధ్యాయులు మొదటి రెండేండ్లు నెలకు 398 రూపాయలకు పనిచేశారు. వారికి 'మూడు వందల తొంభై ఎనిమిది టీచర్లు' అనే పేరు నిలిచిపోయింది. ఆ తరువాత విద్యా వాలంటీర్లు. పని ఉపాధ్యాయునిది, బత్యం వాలంటీరుది.

ఈ సంగతులన్నీ మా అమ్మాయికి చెప్పాను. తెలంగాణాలో 2024లో 11,062 పోస్టులకూ, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకూ డి.ఎస్.సి. ప్రకటనలు వచ్చిన సంగతి ఆమే నాకు చెప్పింది. నాలుగైదు సంవత్సరాలు ప్రకటనకోసం కాచుకొని వయస్సు గడిపినవారు తన సీనియర్లలో ఎందరో ఉన్నారట. చట్టంలో ముప్పైమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు అని ఉన్నది గాని, అయిదు తరగతులకు అయిదుగురు అని లేదు. అరవైమంది లోపు పిల్లలకు ఇద్దరుంటే లెక్క సరిపోయినట్లే. తక్కిన మూడు తరగతుల గదులలో ఎవరుండాలో లెక్క చెప్పదు. కాంబెల్ చూచిన అరుగుమీద పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు కదా, తాను కూడా ఆ బడిలో నాలుగవ తరగతి పిల్లచేత ఒకటవ తరగతికి అక్షరాలు దిద్దించానని ఒప్పుకొన్నది. "అది మంచిపద్ధతా, గతిలేక చేసినదా, బాబాయ్?" అని మళ్ళీ ప్రశ్న.

రెండూ కావచ్చునన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు.

ఆ పల్లెలో మొదటివారం ఒక పిల్లవాడు నోరు విప్పలేదట. వాడు ఇంట్లో మాట్లాడేది లంబాడీ మాట. మూడవవారంలో ఆమె వాడిని అడిగి, నీళ్ళకు, అమ్మకు, ఆవుకు వాళ్ళ మాటలు నేర్చుకొని, తన నోటు పుస్తకంలో తెలుగు అక్షరాలతో వ్రాసుకొన్నది. నలభైదాకా మాటలు పోగయినాయి. వాడు ఆమె ఉచ్చారణ విని పడిపడి నవ్వి, సరిదిద్దడం మొదలుపెట్టాడు. ఏ సెల్‌ఫోనులోనూ అది నమోదు కాలేదు. గిడుగువారి సవర గ్రంథం ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని నన్ను అడిగింది. మా గ్రంథాలయంలో వెదుకుతానని మాట ఇచ్చాను. ఆమె శిక్షణ వచ్చే ఏప్రిలుతో ముగుస్తుంది.